ఫిష్ ట్యాంక్ కోసం పీహెచ్ పెన్ కొంటున్నారా? ముందు చుక్కల కిట్ కొనండి

ఇక్కడ నేను రాసేవి ఎక్కువగా ఫోన్లు, ఇయర్‌బడ్స్, అప్పుడప్పుడూ ఓ స్మార్ట్‌వాచ్. ఈసారి టాపిక్ కొంచెం తేడా. కానీ ఇదీ గ్యాడ్జెట్ గురించే. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, ఒక గ్యాడ్జెట్‌ని గుడ్డిగా నమ్మి నేను చేసిన పని గురించి.

ఈ మధ్య మీలో చాలామంది డెస్క్ సెటప్ ఫోటోలు పంపుతున్నారు. రెండు మానిటర్లు, ఆర్‌జీబీ కీబోర్డ్, పక్కనే ఓ చిన్న ఫిష్ ట్యాంక్. చూడ్డానికి చాలా బాగుంటుంది, నేనూ అలాగే మొదలుపెట్టాను. ఆ ఫోటోలతో పాటు వచ్చే ప్రశ్న కూడా దాదాపు ఒకటే: "బ్రో, ట్యాంక్‌కి ఏ పీహెచ్ మీటర్ తీసుకోవాలి?" బ్లూటూత్ ఉన్నదా, యాప్ ఉన్నదా, వైఫైలో నోటిఫికేషన్ ఇచ్చేదా అని. నా సమాధానం: ఇప్పుడే ఏదీ వద్దు. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్. మా చెల్లి ఇంటర్ పరీక్షలు అయిపోయాక గిఫ్ట్‌గా 60 లీటర్ల ట్యాంక్ కొన్నాను. అందులోకి తొమ్మిది నియాన్ టెట్రాలు, అవి కూడా తనే ఏరుకుంది. మా అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీళ్ళు. గీజర్ రాడ్ మీద తెల్లగా పొలుసు కట్టే రకం. మనం తాగని నీళ్ళు చేపలకి పోయడమేంటి అని తెలివిగా ఆలోచించి, ముప్పావు వంతు పైగా ఆర్‌వో నీళ్ళు పోశాను, మిగతాది ఒక్క బకెట్ బోరు నీళ్ళు. గ్యాడ్జెట్ రివ్యూలు రాసేవాణ్ణి కదా, ఆరొందలు పెట్టి ఓ పీహెచ్ పెన్ కూడా కొన్నాను. రెండు డెసిమల్స్ చూపిస్తుంది మరి.

పెన్ 7.62 చూపించింది. నెట్‌లో చూస్తే నియాన్ టెట్రాకి 6.5 బెస్ట్ అన్నారు. సరే అని పీహెచ్ తగ్గించే ద్రావణం సీసా ఒకటి తెచ్చి, రాత్రి కొన్ని చుక్కలు వేశాను. పది నిమిషాల్లో 6.8. భలే సంతోషం. పొద్దున చూస్తే మళ్ళీ 7.5. రాత్రి మళ్ళీ వేశాను. పొద్దున మళ్ళీ పైకి. ఇలా ఐదు రోజులు. బెంచ్‌మార్క్ స్కోర్ కోసం ఫోన్‌ని ఫ్రిజ్‌లో పెట్టి టెస్ట్ చేసేవాళ్ళు ఉంటారు చూడండి, నాకూ అదే పిచ్చి పట్టింది. ఆరో రోజు పొద్దున పెన్ 5.1 అంది. చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కంగారుపడి సగం నీళ్ళు తీసేసి నేరుగా కుళాయి బోరు నీళ్ళు పోసేశాను. సాయంత్రానికి ఏడు చనిపోయాయి.

మా చెల్లి ఏడవలేదు. "నీ పెన్ ఏం చెప్పింది అన్నయ్యా?" అని మాత్రం అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే పెన్ అబద్ధం చెప్పలేదు. ఐదు రోజులూ అది చూపించిన నంబర్లు దాదాపు కరెక్టే.

అసలు ఏం జరిగింది

బఫరింగ్ అనగానే మనకి వీడియో మధ్యలో గిరగిరా తిరిగే చక్రం గుర్తొస్తుంది. నీటిలో బఫర్ కూడా అలాంటి నిల్వే. వీడియో ప్లేయర్ కొంత డేటాని ముందే దాచుకుంటుంది కాబట్టి నెట్ కాసేపు పడిపోయినా సినిమా ఆగదు. మీకు నెట్ పడిపోయిందన్న సంగతి కూడా తెలీదు. ఆ దాచుకున్నది అయిపోయిన క్షణం మాత్రం స్క్రీన్ ఫ్రీజ్ అవుతుంది. నీటిలో ఆ నిల్వ పేరు బైకార్బోనేట్. యాసిడ్ పడితే అది అడ్డం వెళ్ళి పట్టుకుంటుంది, ఇద్దరూ కలిసి నీరుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోతారు. ఆ గ్యాస్ వల్ల పీహెచ్ కాసేపు తగ్గినట్టు కనిపిస్తుంది. రాత్రంతా ఫిల్టర్ నీటిని కదుపుతుంటే గ్యాస్ గాల్లోకి పోతుంది, పీహెచ్ మళ్ళీ పైకొస్తుంది. నేను పొద్దున్నే చూసి "ఛ, మళ్ళీ పెరిగింది" అనుకున్నది అదే.

కానీ నిల్వ తిరిగి రాలేదు. ప్రతి రాత్రీ కొంత ఖర్చయింది. ఆరో రోజుకి సున్నా. దాన్ని కొలిచే లెక్కనే కేహెచ్ అంటారు, కార్బోనేట్ హార్డ్‌నెస్. ఒక డిగ్రీ కేహెచ్ అంటే కాల్షియం కార్బోనేట్ లెక్కలో సుమారు 17.9 పీపీఎం. మా బోరు నీళ్ళది 14 డిగ్రీలు అని తర్వాత కొలిచాను. ఆర్‌వో నీళ్ళది దాదాపు సున్నా. ఒక బకెట్ బోరు నీళ్ళు కలిపిన నా ట్యాంక్‌లో మొదటి రోజే మూడు డిగ్రీలకి మించి ఉండే ఛాన్స్ లేదు. చిన్న బ్యాటరీ ఉన్న ఫోన్‌ని తీసుకొని దానిమీద రోజూ గేమ్ ఆడినట్టు.

రెండో తప్పు, ఆ బోరు నీళ్ళు ఒక్కసారిగా పోయడం. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. అమోనియంగా ఉంటే పెద్దగా హాని చేయదు, అమోనియాగా ఉంటే మొప్పల్ని కాల్చేస్తుంది. ఏది ఎంత అనేది పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర పీహెచ్ 7లో విషరూపం అర శాతం పైచిలుకు, 8లో 5 శాతం పైన. పీహెచ్ 5లో ఉన్నప్పుడు దాదాపు లేనట్టే. అంటే ఆ పొద్దున నా ట్యాంక్‌లో పోగైన అమోనియా అంతా నిద్రపోతూ ఉంది. దాన్ని లేపింది నేనే.

మావయ్య అడిగిన ప్రశ్న

మా మావయ్యకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. వనామీ. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఈ సంగతి చెబితే, ఆయన అడిగిన మొదటి మాట: "ఒరేయ్ అల్లుడూ, పీహెచ్ ఎంతుందో తర్వాత చెబుదువుగానీ, ఆల్కలినిటీ ఎంతుందిరా?"

"అదేంటి మావయ్యా?"

"అదేంటంటే ఏం చెప్పనురా! ఇంజినీరింగ్ చదివింది దేనికి మరి?"

చెరువు గట్టు మీద ఆయన పీహెచ్ చూడకుండా ఉండరు. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం దాటాక ఒకసారి చూస్తారు. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేస్తే పీహెచ్ పెరుగుతుంది, రాత్రి అందరూ శ్వాస వదిలితే తగ్గుతుంది. ఈ రెండింటికీ తేడా అరకి మించితే ఆయనకి నిద్ర పట్టదు. కానీ ఆయన సున్నం వెయ్యాలా వద్దా అని డిసైడ్ అయ్యేది ఆల్కలినిటీ రిపోర్ట్ చూసి. "వంద దాటి ఉండాలి, లేదంటే వానొస్తే చెరువు చేతిలో ఉండదు" అంటారు. ఆయన వంద పీపీఎం అంటే మన కేహెచ్‌లో ఐదున్నర డిగ్రీలు. అక్వేరియం భాషలో కేహెచ్, చెరువు భాషలో ఆల్కలినిటీ. మన ఇళ్ళల్లోని మంచినీళ్ళకి రెండూ ఇంచుమించు ఒకటే. లక్షల రూపాయల పంట నీళ్ళలో ఉన్న మనిషి ఏ నంబర్‌ని నమ్ముతున్నాడో చూడండి. మన గ్యాడ్జెట్ కంపెనీలు ఏ నంబర్‌ని అమ్ముతున్నాయో చూడండి.

గ్రీన్‌లోనే ఉంది, కానీ ఖాళీ అయిపోయింది

ఇక్కడే నా అసలు కంప్లైంట్. స్మార్ట్ మానిటర్ యాప్‌లు పీహెచ్‌కి ఒక గ్రీన్ జోన్ పెడతాయి. 6.5 నుంచి 7.8 అనుకోండి. దాని లోపల ఉంటే అంతా ఓకే అని టిక్ మార్క్. కానీ పీహెచ్ లాగరిథమిక్ స్కేల్. నీటిలో కార్బన్ డయాక్సైడ్ మారకుండా ఉండి, కేహెచ్ సగానికి పడిపోతే, పీహెచ్ తగ్గేది 0.3 మాత్రమే. నాలుగు డిగ్రీల నుంచి రెండుకి పడితే 7.6 కాస్తా 7.3. రెండు నుంచి ఒకటికి పడితే 7.0. మీ బఫర్‌లో ముక్కాలు వంతు ఖర్చయిపోయింది, యాప్ ఇంకా పచ్చగా నవ్వుతూనే ఉంది. పైగా 7.0 చూసి "వావ్, పర్ఫెక్ట్ న్యూట్రల్" అనుకుంటాం. ఆ తర్వాత వచ్చేది మెట్టు కాదు, గొయ్యి. పాత ఫోన్ బ్యాటరీ ఇరవై శాతం దాకా బుద్ధిగా ఉండి, అక్కడ్నుంచి ఠక్కున స్విచాఫ్ అవుతుంది చూడండి, అచ్చం అలాగే.

మీరు నాలాగా యాసిడ్ పోయకపోయినా ఇది జరుగుతుంది. ఫిల్టర్‌లో ఉండే బ్యాక్టీరియా అమోనియాని నైట్రేట్‌గా మార్చేటప్పుడు యాసిడ్ విడుదలవుతుంది. ఒక గ్రాము అమోనియా నైట్రోజన్‌కి ఏడు గ్రాముల పైన ఆల్కలినిటీ హరించుకుపోతుంది. ఫిల్టర్ ఎంత బాగా పనిచేస్తే అంత. రెండు మూడు నెలలు నీళ్ళు మార్చకుండా, ఆవిరైనంత మేర ఆర్‌వో నీళ్ళు పోస్తూ పోయే ట్యాంకులు ఒకరోజు ఉన్నట్టుండి కూలిపోయేది ఇందుకే. పీహెచ్ ఆరు కిందికి వెళ్ళిందంటే ఆ బ్యాక్టీరియా కూడా దాదాపు పని మానేస్తుంది. అప్పుడు షాపువాడు "కొత్త చేపలు తీసుకెళ్ళండి సార్" అంటాడు.

మరి కంపెనీలు కేహెచ్ సెన్సర్ ఎందుకు పెట్టవు? పీహెచ్‌కి గాజు బల్బు ఎలక్ట్రోడ్ ఉంది, నీటిలో ముంచితే వోల్టేజ్ ఇస్తుంది, చవగ్గా చేయొచ్చు. 1934లో ఆర్నాల్డ్ బెక్‌మన్ కాలిఫోర్నియాలో నిమ్మరసం పులుపు కొలవడానికి తయారుచేసిన మీటర్ దగ్గర్నుంచి ఇప్పటి పెన్ దాకా సూత్రం అదే. కేహెచ్‌కి అలా ముంచి చదివే చవక సెన్సర్ లేదు. యాసిడ్ చుక్కలు వేస్తూ ఎప్పుడు రంగు మారుతుందో, లేదా పీహెచ్ ఎప్పుడు పడిపోతుందో చూడాలి. మనం ల్యాబ్‌లో బ్యూరెట్ పట్టుకుని చేసిన టైట్రేషనే. సముద్రపు పగడాలు పెంచేవాళ్ళ కోసం దీన్ని ఆటోమేటిక్‌గా చేసే మెషిన్లు ఉన్నాయి, వాటి రేటు చూస్తే ఫ్లాగ్‌షిప్ ఫోన్ కొనుక్కోవడమే మేలు అనిపిస్తుంది. సో, ఏది సులువుగా కొలవగలమో దాన్నే "ముఖ్యమైనది" అని అమ్ముతున్నారు. కెమెరాల్లో మెగాపిక్సెల్ కథ మనకి తెలిసిందే కదా.

నేను టెస్ట్ చేసినవి

ఆ సంఘటన తర్వాత పంతం కొద్దీ అన్నీ తెప్పించాను. పెన్ సంగతి ముందు. అది 0.01 దాకా చూపించడం రిజల్యూషన్, యాక్యురసీ కాదు. డబ్బాతో పాటు వచ్చే పౌడర్ ప్యాకెట్లని 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి 6.86, 4.01 దగ్గర కాలిబ్రేట్ చేయాలి. డిస్టిల్డ్ వాటర్ అంటే ఇన్వర్టర్ బ్యాటరీకి పోస్తారే, అది. నేను మూడు వారాలు కాలిబ్రేట్ చేయకుండా వదిలేస్తే నా పెన్ 0.3 తప్పు చూపించింది. పైన చెప్పిన లెక్క గుర్తుందా? 0.3 అంటే సగం బఫర్. ఇంకో విషయం, ఆ గాజు బల్బు ఎండిపోకూడదు. అలాగని ఆర్‌వో నీళ్ళలోనో డిస్టిల్డ్ వాటర్‌లోనో నానబెట్టి ఉంచకూడదు, పొటాషియం క్లోరైడ్ స్టోరేజ్ ద్రావణం వాడాలి. మాన్యువల్‌లో చిన్నక్షరాల్లో ఉంటుంది, చదివేది ఎవరు.

స్ట్రిప్‌ని ఫోన్ కెమెరాతో స్కాన్ చేసి రీడింగ్ ఇచ్చే యాప్ ఒకటి వాడాను. ఒకే స్ట్రిప్, ట్యూబ్‌లైట్ కింద ఒక రిజల్ట్, బెడ్‌రూమ్‌లో పసుపు బల్బు కింద ఇంకో రిజల్ట్. ఆటో వైట్ బ్యాలెన్స్ తన పని తాను చేసుకుపోయింది. కళ్ళతో చూసి పోల్చుకున్నదే నయం.

ఈఎస్పీ32 బోర్డుకి పీహెచ్ మాడ్యూల్ తగిలించి నా సొంత మానిటర్ కూడా కట్టాను. కోడ్ రాయడం సరదాగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఫిల్టర్ మోటార్ ఆన్‌లో ఉంటే ఒక రీడింగ్, ఆఫ్ చేస్తే ఇంకోటి. ఒకే నీటిలో కరెంటు పరికరాలు ఉంటే ప్రోబ్‌కి నాయిస్ తగలడం మామూలే. ట్యాంక్‌లో మొక్కలు పెంచాక రాత్రి రెండింటికి "పీహెచ్ పడిపోతోంది" అని అలర్ట్‌లు. మొక్కలున్న ట్యాంక్‌లో రాత్రి పీహెచ్ తగ్గకపోతేనే ఆశ్చర్యపోవాలి. రెండు వారాల తర్వాత నోటిఫికేషన్లు ఆఫ్ చేసేశాను.

టీడీఎస్ పెన్ గురించి కూడా ఒక మాట. మన దగ్గర ఆర్‌వో టెక్నీషియన్ జేబులో నుంచి తీసి చూపించేది అదే కాబట్టి అందరికీ తెలుసు. అది నీటిలో కరిగిన లవణాలు ఎంత కరెంటుని పారనిస్తున్నాయో చూసి అంచనా చెబుతుంది. అందులో ఉప్పెంత, బైకార్బోనేట్ ఎంత అని విడదీయలేదు. టీడీఎస్ 300 ఉన్నంత మాత్రాన కేహెచ్ బాగుందని కాదు.

చివరికి నా దగ్గర మిగిలింది మూడొందల యాభై రూపాయల కేహెచ్ చుక్కల కిట్. బ్యాటరీ లేదు, యాప్ లేదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ లేదు. ఐదు మిల్లీలీటర్ల ట్యాంక్ నీరు తీసుకుని ఒక్కో చుక్కా వేస్తూ కదపాలి. నీలం కాస్తా పసుపయ్యేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. ఇంకా కచ్చితంగా కావాలంటే నీటిని పది మిల్లీలీటర్లు తీసుకుని, వచ్చిన చుక్కల్ని రెండుతో భాగించండి. చిన్నపిల్లలు కూడా చేయొచ్చు. మా ఇంట్లో ఆదివారం పూట మా చెల్లే చేస్తోంది, నన్ను ముట్టుకోనివ్వదు.

కిట్ కొన్నాక ఏం చేయాలి

ముందు మీ కుళాయి నీళ్ళు, మీ ఆర్‌వో నీళ్ళు విడివిడిగా కొలవండి. ఆర్‌వో అంటే సున్నానే అని ఫిక్స్ అవ్వొద్దు. చాలా ప్యూరిఫైయర్లలో టీడీఎస్ కంట్రోలర్ అని ఒక వాల్వ్ ఉంటుంది, అది కొంత మామూలు నీటిని కలిపేస్తుంది. ఇంటికో లెక్క. కేహెచ్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఏంటంటే కలిపితే లెక్క కరెక్ట్‌గా వస్తుంది. 14 డిగ్రీల బోరు నీళ్ళు ఒక పాలు, సున్నా ఆర్‌వో రెండు పాళ్ళు కలిపితే నాలుగున్నర, ఐదు మధ్య. పీహెచ్‌తో ఈ కూడికలు కుదరవు. ఎనిమిదీ ఆరూ కలిపితే ఏడు రాదు.

బోరు నీళ్ళ పీహెచ్‌ని కుళాయి దగ్గరే కొలిచి నమ్మకండి. మా నీళ్ళు పట్టిన వెంటనే 7.2, బకెట్‌లో ఒక రోజు ఎయిర్ స్టోన్ పెట్టి ఉంచితే 8.1. భూమి లోపలి నుంచి వచ్చేటప్పుడు కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడమే కారణం. మున్సిపల్ నీళ్ళైతే క్లోరిన్ సంగతి కూడా చూసుకోవాలి.

కేహెచ్ తక్కువగా ఉంటే కిచెన్‌లో మందు ఉంది, వంట సోడా. బేకింగ్ పౌడర్ కాదు, అందులో యాసిడ్ కూడా కలుపుతారు. వంద లీటర్లకి మూడు గ్రాములు వేస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. మా 60 లీటర్లకి రెండు డిగ్రీలు కావాలంటే మూడున్నర గ్రాములు, టీ స్పూన్‌లో ముప్పావు వంతు. ఒక గ్లాసు నీటిలో కరిగించి, రోజుకి ఒక డిగ్రీకి మించకుండా పోయండి. ఇది ఎమర్జెన్సీ ఛార్జర్ లాంటిది. రోజూ వాడేదానికి బోరు నీళ్ళు కలుపుకోవడం బెటర్, అందులో కాల్షియం కూడా వస్తుంది. ఫిల్టర్‌లో ఓ చిన్న గుడ్డసంచిలో పగడపు ముక్కలో, కడిగిన ఆల్చిప్పలో వేసి పెట్టినా పనవుతుంది. నీరు పులిసేకొద్దీ అవి కరుగుతాయి, తేరుకున్నాక కరగడం నెమ్మదిస్తుంది. సెన్సర్ లేని ఆటోమేషన్!

పీహెచ్ తగ్గించే సీసాలు మాత్రం కొనకండి. ఇందులో నాకు రెండో మాట లేదు. మీ నీళ్ళు గట్టివైతే గప్పీలు, మోలీలు పెంచండి, ఇంకా పెద్ద ట్యాంక్ ఉంటే మలావీ సరస్సు సిక్లిడ్‌లు. వాటికి బోరు నీళ్ళంటే పండగ. టెట్రాలే కావాలంటే ఆర్‌వో కలిపి కేహెచ్‌ని మూడు, నాలుగు దగ్గర నిలకడగా ఉంచితే చాలు. షాపుల్లో దొరికే నియాన్ టెట్రాలు అమెజాన్ నది నుంచి నిన్న రాత్రి దిగినవేం కాదు, దాదాపుగా ఫారాల్లో పుట్టినవే. 7.4లో బతుకుతాయి. రోజూ కిందికీ పైకీ ఊగే 6.5లో బతకవు.

మరి పీహెచ్ మీటర్ ఎవరికి?

మొక్కల ట్యాంక్‌లోకి సిలిండర్‌తో కార్బన్ డయాక్సైడ్ ఎక్కించేవాళ్ళకి. అక్కడ పీహెచ్ కంట్రోలర్ గ్యాస్ వాల్వ్‌ని ఆపకపోతే రాత్రికి రాత్రి చేపలు పోతాయి. కానీ ఆ కంట్రోలర్‌కి మీరు సెట్ చేయాల్సిన నంబర్ ఎక్కడ్నుంచి వస్తుంది? కేహెచ్ నాలుగు ఉంటే 6.6 దగ్గర గ్యాస్ సుమారు 30 పీపీఎం. కేహెచ్ ఎనిమిది ఉంటే అదే 30కి 6.9. మళ్ళీ చుక్కల కిట్ దగ్గరికే వచ్చాం. అలాగే ఆల్రెడీ కేహెచ్ చూసుకుంటూ, డేటా మీద సరదా ఉన్నవాళ్ళు మానిటర్ పెట్టుకోండి, వద్దనను. అలర్ట్‌లు కాకుండా, రోజూ పొద్దున్నే వచ్చే కనిష్ఠ రీడింగ్‌ని వారాల తరబడి పక్కపక్కన పెట్టి చూడండి. అది మెల్లగా కిందికి జారుతుంటే చుక్కల కిట్ తీయాల్సిన టైమ్ వచ్చినట్టు.

మిగిలిన రెండు టెట్రాలు ఇంకా ఉన్నాయి. వాటికి తోడు మరో ఎనిమిది తెచ్చాం, ఈసారి ఆరు వారాలు ఆగి. మొన్న ఆదివారం చెల్లి నాలుగో చుక్కకే పసుపు వచ్చిందని చెప్పింది. పోయిన వారం ఐదు. బకెట్‌లో బోరు నీళ్ళు పట్టి పెట్టమంది, సాయంత్రం మార్చాలి.